తెల్లచార రూపాయి

ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడికి అక్షరాలకంటే ముందు ఒక చదువు వస్తుంది. బట్టలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. ఒక పోగు తెగి చార పడిందంటే ఆ చీర ధర సగానికి దిగుతుంది. చార పడిన రోజు మా నాయన తాను అన్నం తినేవాడు కాదు, మమ్మల్ని తిననిచ్చేవాడూ కాదు. అట్లాంటి మనిషి కడుపున పుట్టి, చార పడిన ఒక రూపాయి నోటును పద్దెనిమిదేళ్లు ప్రాణంలా దాచుకున్న ఘనుణ్ణి నేను.

పాత నోట్లు పోగుచేసేవాళ్ల లోకంలో నీతి తిరగబడి ఉంటుంది. సరిగ్గా అచ్చయిన నోటును మేం తిరిగి చూడం. అచ్చు వేసేటప్పుడు కాగితం మడత పడి, ఆ మడతలో సిరా అంటక, నోటు ముందువైపు నిలువునా తెల్లచార మిగిలి, నంబరు రెండు ముక్కలై అటు మూడంకెలు ఇటు మూడంకెలుగా విడిపోయిందనుకోండి, దాన్ని మాత్రం కండ్లకద్దుకుంటాం. నా రూపాయి అట్లాంటిది. మా నాయన బతికి ఉండి ఈ సంగతి తెలిసి ఉంటే నన్ను మగ్గం గుంటలోకి తోసి పైన పలక వేసేవాడు.

నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. పులి బొమ్మ రెండు రూపాయలు, ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయలు, పడవ బొమ్మ పది రూపాయలు, చివర ఏడు ఎనిమిది ఆరు వచ్చే నోట్లు పదకొండు, నంబరు పక్కన చుక్కగుర్తు ఉన్నవి కొన్ని. అరటిపండ్ల బండి ఆమె కూడా ఫోన్లోనే డబ్బులు తీసుకునే ఈ రోజుల్లో ఇదేం పిచ్చి అని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు నేను జవాబు చెప్పను. పిచ్చికి కారణం చెప్పగలిగితే అది పిచ్చి ఎట్లా అవుతుంది?

నోట్లు పెట్టుకునేదానికి వేరే ఆల్బంలు అమ్ముతారు. వాటి ధర వినేసరికి నాకు ఒళ్లు మండింది. ఇంట్లో ఒక ఆల్బం ఊరికే పడి ఉంది కదా అని బీరువాలోంచి తీశాను. అందులో మా పెళ్లి ఫోటోలు ఉన్నాయి. వాటిని జాగ్రత్తగా తీసి ఒక చీరల సంచిలో పెట్టి, ఆ అరల్లో నోట్లు సర్దుకున్నాను. నా భార్య చూసింది. మరుసటి రోజు చారులో ఉప్పు లేదు. అడిగితే అప్పుడు బయటపడింది.

"తలంబ్రాలు పోస్తాండే నన్ను తీసేసి ఆ జాగాలో ట్రాక్టరును పెట్టుకుంటివి. పో, పోయి ఆ ట్రాక్టరునే అడుగు ఉప్పు."

ట్రాక్టరు ఉన్న అర ఆమె తలంబ్రాల ఫోటోదేనని నేను గమనించలేదు. గమనించి ఉంటే పడవను పెట్టేవాణ్ణి.

తెల్లచార రూపాయి నా చేతికి వచ్చింది కృష్ణగిరిలో ఒక పెళ్లిలో. మా దగ్గర పెళ్లిళ్లలో చదివింపులు రాసే పని చేతిరాత బాగున్నవాడికి అప్పజెబుతారు. ఎవరు ఎంత ఇచ్చారో పేరు రాసి, మైకులో చెప్పి, డబ్బు పళ్లెంలో వెయ్యాలి. నేను రాస్తున్నాను. పక్కన నా భార్య కూర్చుని పళ్లెం పట్టుకుంది. ఎవరో ముసలాయన నూటొక్క రూపాయి ఇచ్చాడు. అందులో ఒక్క రూపాయి నోటు మీద తెల్లచార. మైకులో ఆయన పేరు చెప్పడం కూడా మరిచిపోయి, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి పళ్లెంలో వేసి, నోటు జేబులో పెట్టుకున్నాను.

"ఏందయ్యా ఆ పని?" అంది నా భార్య గుసగుసగా.

"రూపాయి రూపాయే. పెళ్లికూతురికి ఏం నష్టం?" అన్నాను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆమె గుర్తుపెట్టుకుంది.

పోయిన ఏడాది నా కుడికన్ను దెబ్బతింది. షుగరు జబ్బు ఉన్నవాడు నోరు కట్టుకోవాలి. నేను కట్టుకోలేదు. ఎడమకంటికి చిన్నప్పటి నుంచే చూపు మందం. ఒక ఉదయం లేచేసరికి కుడికంటిలో ఎర్రటి తెర దిగి ఉంది. లోపల నెత్తురు చిమ్మిందన్నారు. కర్నూలు ఆసుపత్రి చుట్టూ తిరిగి, ఆపరేషను అంటే భయపడి, మందులతో తగ్గుతుందేమోనని మూడు నెలలు నానబెట్టాను.

ఆ మూడు నెలలు నేను ఆడిన నాటకం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కన్ను కనపడటం లేదంటే మా ఆమె మోపెడ్ తాళాలు లాక్కుంటుందని, మందులతో తగ్గింది, అంతా బాగానే కనపడుతోందని బొంకేవాణ్ణి. వీధిలో గొంతు విని మనిషిని గుర్తుపట్టి, "ఏమప్పా, కొత్త చొక్కానా?" అనేవాణ్ణి. పది మందిలో తొమ్మిది మందిది పాత చొక్కానే అయ్యేది. రోజూ ఉదయం ఆల్బం ముందు వేసుకుని, తెల్లచార రూపాయిని తీసి, వాకిట్లో వెలుతురుకు పెట్టి, కంటికి ఆనించుకుని నంబరు పైకి చదివేవాణ్ణి. "నాలుగు, ఏడు, ఒకటి. చార. రెండు, తొమ్మిది, ఆరు." చూశావా, అంత చిన్న అంకెలు కూడా కనపడుతున్నాయి నాకు, అని మా ఆమెకు రుజువు చూపించడం అన్నమాట.

ఒక రోజు ఆమె బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది.

"ఆ పక్క నంబరే లేదు గదయ్యా."

"ఏమి?"

"నువ్వు పట్టుకుండేది నూనె మంచె పక్క."

రూపాయి నోటు వెనకవైపు సముద్రంలో నూనె తీసే మంచె బొమ్మ ఉంటుంది. నంబరు ముందువైపే. నేను అరగంట నుంచి ఆ మంచెను చూస్తూ నంబరు అప్పజెబుతున్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "వెలుతురుకు అవతలి పక్క అంకెలు కనపడతాయి, నీకేం తెలుసు," అని కసిరాను. ఆమె చేటలోని బియ్యంలోకి తల దించుకుంది. కాసేపటికి చూస్తే, అంటే వింటే, ముక్కు చీదుతోంది. ఆ వారమే నన్ను ఆపరేషనుకు లాక్కుపోయింది.

ఆపరేషను అయింది. కన్నుకు కట్టు వేసి, నెల రోజులు వంగకూడదు, బరువులెత్తకూడదు, చదవకూడదు, ఉప్పూ కారం జాగ్రత్త అన్నారు. నెల రోజులు గోడకు ఆనుకుని మగ్గం చప్పుళ్లు వింటూ కూర్చున్నాను. ఆదోని నుంచి నా స్నేహితుడు ఒకసారి బత్తాయిలు పట్టుకుని చూడవచ్చాడు. ఆదోని బజారులో గడియారాలు బాగుచేస్తాడు, పక్కనే గాజు పెట్టెలో పాత నోట్లూ బిళ్లలూ అమ్ముతాడు. నా సంపాదనలో సగం ఆ గాజు పెట్టెలోకే పోయిందని మా ఇంట్లో ఆరోపణ. ఆయన వచ్చి కాసేపు ఆల్బం తిరగేసి, "వా, ఏం నోట్లున్నాయన్నా!" అని మెచ్చుకుని పోయాడు.

కట్టు విప్పాక కన్ను వచ్చింది. నిజంగానే వచ్చింది. మొదటి రోజు కొంచెం మసక, వారానికి బాగా తేటపడింది. ఆల్బం తెరిచాను. పులి ఉంది, ట్రాక్టరు ఉంది, పడవ ఉంది. తెల్లచార రూపాయి అర ఖాళీ. దేవుడు నాకు చూపు తిరిగిచ్చి మొట్టమొదట చూపించింది ఆ ఖాళీ.

ఇల్లంతా తిరగేశాను. బొద్దింకలు తిన్నాయేమోనని బీరువా జరిపాను. బొద్దింక ఒక్క రూపాయిని ఏరుకుని తిని, పక్కనున్న పదకొండు నోట్లను వదిలేస్తుందా అని ఆలోచించలేదు. కోపం వచ్చినవాడికి ఆలోచన ఉంటుందా? మా ఆమె వంటింట్లోంచి చూస్తోంది గానీ ఏం వెతుకుతున్నావని అడగలేదు. అది కూడా నాకు తట్టలేదు. నాకు తట్టింది ఒక్కటే, బత్తాయిలు.

మరుసటి పొద్దున ఆదోని బస్సెక్కాను. కొట్టు ముందు నిలబడి, నలుగురూ వినేటట్టు, "భాయ్, నా రూపాయి నాకిచ్చేయ్," అన్నాను.

ఆయన కంటికి బిగించుకున్న బుడ్డ అద్దం తియ్యకుండానే నా వైపు తిరిగాడు. "ఏం రూపాయన్నా?"

"తెల్లచార రూపాయి. బత్తాయిలిచ్చి రూపాయి కొట్టేస్తివి."

ఆయన అద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "తోబా తోబా! ముప్పై ఏండ్ల దోస్తీ మనది. నా పిల్లల మీద ఒట్టు. నీ కన్ను బాగా కావాలని నేను దువా చేస్తే, ఆ కన్ను తెరిచి నువ్వు నన్ను దొంగ అంటాండావు. దానికంటే మూసుకునుంటేనే బాగుండె గదన్నా!"

అంతటితో ఆగలేదు. గాజు పెట్టె తాళం తీసి నా ముందుకు తోశాడు, వెతుక్కో అన్నాడు. నేను సిగ్గులేకుండా వెతికాను కూడా. లేదు. పక్క కొట్టువాళ్లు నన్ను చూసిన చూపు, ఛీ, ఇప్పటికీ ఆ సందులోంచి పోవాలంటే తల దించుకునే పోతాను.

ఇల్లు చేరేసరికి నా కంటే ముందు ఆయన ఫోను మా ఇంటికి చేరింది. నా భార్య అన్నం పెడుతూ అంది. "పాపం, ఆ అన్న ఏడ్సినంత పని సేసినాడు. ఆ మనిషిని యాల అంటివి? నీ రూపాయి నా కాడుంది."

ముద్ద నోట్లోనే ఆగిపోయింది. "యాడ?"

ఆమె దేవుని గూడు వైపు చెయ్యి చూపింది. దీపం వెనక, మేకుకు, పసుపు గుడ్డ మూట ఒకటి వేలాడుతోంది. ముడుపు.

"మంత్రాలయం సామికి మొక్కుకున్నా. పదకొండు రూపాయలు. పది రూపాయల నోటు నాది, ఒక్క రూపాయి నీది. వచ్చే బేస్తవారం పోయి హుండీలో ఎయ్యాల."

"ఒక్క రూపాయి కావాలంటే బిళ్ల లేదా ఇంట్లో? బిళ్ల వెయ్యొచ్చు కదా!"

"అదే ఎయ్యాల."

"ఆ నోటు వెల నీకు తెలుసా?"

"తెలుసు," అంది. "రూపాయి. రూపాయి రూపాయే. నువ్వే సెప్పినావు గదా, కృష్ణగిరిలో."

నా కత్తితో నా మెడే కోసింది. మొక్కు దేనికని అడిగాను. తీరకముందు చెప్పకూడదంది. నాకు చెప్పాల్సిన పని లేదు, అర్థమైపోయింది. నా నోట్ల పిచ్చి వదిలిపోవాలని మొక్కుకుని ఉంటుంది. ట్రాక్టరు మీద పగ ఇన్నేళ్లకు తీర్చుకుంటోంది.

మంత్రాలయంలో నాతో చదువుకున్నవాడు ఒకడున్నాడు. తరతరాలుగా గుడి సేవలో ఉన్న ఇల్లు, సంస్కృతం పంతులుగా చేసి రిటైరయ్యాడు. శాస్త్రంలో ఏదైనా సందు దొరక్కపోతుందా అని ఫోను చేశాను.

"సామీ, ముడుపు కట్టిన నోటును మార్చుకోవచ్చునా? రూపాయి తీసి వెయ్యి రూపాయలు పెడతాను."

"ఏమప్పా, సామితో బ్యారం సేస్తాండావా?"

"దేవునికి రూపాయి అయితేనేం, వెయ్యి అయితేనేం?"

"అట్లయితే నీకు రూపాయి అయితేనేం, వెయ్యి అయితేనేం?" అన్నాడు వాడు. చిన్నప్పుడు కూడా ఇట్లాగే మాట్లాడి నా చేత దెబ్బలు తినేవాడు. "ముడి ఏసినాక అది సామిది. ఇప్పేది కూడా మొక్కుకున్న మనిషే, సామి ముందరే. నువ్వు ఎలుపలి మనిషివి. దూరంగా నిలబడి దండం పెట్టుకో."

నా ఇంట్లో, నా రూపాయికి, నేను బయటి మనిషిని!

రాత్రంతా నిద్రపోకుండా దారి కనిపెట్టానని చెబితే గొప్పగా ఉంటుంది గానీ, నేను బాగా నిద్రపోయి, పొద్దున కాఫీ తాగుతుండగా ఆ వెధవాలోచన వచ్చింది. ముడుపులో ఉండాల్సింది రూపాయి నోటు. ఉంటుంది. ఏ రూపాయి నోటు అన్నది మాత్రం దేవుడికీ నాకూ మధ్య ఉండే విషయం. మళ్లీ ఆదోని బస్సెక్కాను. ముందు క్షమాపణ చెప్పుకున్నాను, తర్వాత మామూలు రూపాయి నోటు ఒకటి కావాలన్నాను. దేనికన్నాడు. చెప్పాను.

ఆయన గాజు పెట్టె మూసేశాడు. "హరాం పని. నేనియ్యను."

"ముప్పై రూపాయలిస్తా."

"పైసలు తీసుకుంటే పాపంలో నాకూ హిస్సా వస్తాదన్నా. తీసుకోను."

"అయితే ఊరికే ఇయ్యి."

ఆయన గడ్డం గోక్కున్నాడు, పెట్టె తెరిచాడు, కాగితం కవరులో ఒక నోటు పెట్టి ఇచ్చాడు. "ఊరికే ఇస్తే నాకు హిస్సా లేదు. తీస్కపో. నాకేమీ సెప్పలేదు నువ్వు."

నాకు అక్కడా ఒళ్లు మండింది. పాపమంతా నేనొక్కణ్ణే మోయాలా? ముప్పై రూపాయలు ఆయన జేబులో కుక్కాను. ఆయన తీసి నా జేబులో కుక్కాడు. కొట్టు ముందు ఇద్దరు ముసలాళ్లం ఒకరి జేబుల్లో ఒకరు చేతులు పెట్టి పెనుగులాడుతుంటే, బేరానికి వచ్చినామె గడియారం అక్కడే పెట్టి వెళ్లిపోయింది. చివరికి ఆయనే గెలిచాడు. పాపం పూర్తిగా నాదే అయింది.

ముడుపు మార్చే పని మధ్యాహ్నం పెట్టుకున్నాను. మా ఆమె పక్కింటికి నూలు కండెలు చుట్టడానికి పోయింది. తలుపు గడియ పెట్టి, ముడుపు దించాను. మూడు ముళ్లు. మామూలు ముళ్లు కావు, తెగిన పోగును అతికేటప్పుడు నేతగాళ్లు వేసే ముళ్లు. ఇంకెవడైనా అయితే విప్పి మళ్లీ అట్లాగే వెయ్యలేడు. నా వేళ్లకు ఆ ముడి పుట్టుకతో వచ్చు. ఒకప్పుడు ఆమె మెడలో మూడు ముళ్లు వేసినవాణ్ణి, ఇప్పుడు ఆమె వేసిన మూడు ముళ్లు దొంగతనంగా విప్పుతున్నాను. అయినా విప్పాను. నా రూపాయి పసుపులో మునిగి ఉంది. దాన్ని తీసుకుని, కవరులోని నోటును అట్లాగే మడిచి పెట్టేశాను. దాన్ని చూడను కూడా చూడలేదు. మొదటే చెప్పాను కదా, సరిగ్గా అచ్చయిన నోటును నేను తిరిగి చూడను.

ముళ్లు వేసి, మేకుకు తగిలించి, పసుపు పోవడానికి చేతులు సబ్బుతో కడిగాను. పసుపు మీద సబ్బు పడితే ఎర్రగా మారుతుందని అరవై ఏళ్లొచ్చినా నాకు తెలియదు. ఎంత తోమితే అంత ఎరుపు. సాయంత్రం ఆమె వచ్చి చూసింది.

"ఏంది వేండ్లు అట్ల ఎర్రగైనాయి?"

"ఆకూవక్క."

"ఆకూవక్క నోట్లో ఏసుకుంటావా, చేతుల్లోనా?"

నేను మాట మార్చాను. తేలు కుట్టిన దొంగ అరవడు కదా.

ఇంకో సంగతి చెప్పాలి. కట్టు విప్పిన నాటి నుంచి ఆమెకు కొత్త రోగం పట్టుకుంది. "ఆ క్యాలెండర్లో ఏముంది సెప్పు. ఈ బిస్కెట్టు పొట్లం మీద ఏం రాసినారు? సూదిలో దారం ఎక్కించు." చెప్పేవాణ్ణి, ఎక్కించేవాణ్ణి. అయినా ఆమె ముఖంలో నమ్మకం కనపడేది కాదు. "నిజంగా కనిపిస్తాందా? లేక ఊరికే అంటాండావా?" అనేది. కనపడుతోందని ఎన్నిసార్లు చెప్పాలి ఈ మనిషికి, అని అరిచేవాణ్ణి. ఒకసారి దొంగనాణెం ఇచ్చినవాడి చేతిలోది ఎప్పుడూ దొంగనాణెమే అని నాకు తోచలేదు.

గురువారం వచ్చింది. బస్సులో ఆమె ఒళ్లో ముడుపు, నా బనియను లోపలి జేబులో తెల్లచార రూపాయి. ఇంట్లో వదిలి రావడానికి మనసొప్పలేదు. మంత్రాలయంలో దిగి, నదిలో కాళ్లు కడుక్కుని, వరసలో నిలబడి, దర్శనం అయింది. హుండీ దగ్గరికి పోతుంటే ఆమె నా మోచెయ్యి పట్టుకుని పక్కకు, ఒక స్తంభం దగ్గరికి లాగింది. ముడుపు విప్పింది. ముళ్లు విప్పుతున్నప్పుడు ఒక్క క్షణం ఆగి చూసిందేమో అనిపించింది. పది రూపాయల నోటు తన దగ్గర పెట్టుకుని, మడిచిన రూపాయి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు సెప్తా, విను. నీ కంటికి కట్టు కట్టిన దినం మొక్కుకున్నా. ఈ మనిషి ఈ నోటు మీది నంబరు తన కంటితో సదివితే, సదివిన నోటు నీకే ఇస్తాను సామీ అని."

నా చెయ్యి బనియను జేబు మీదికి పోయింది.

"మొదట నా మెడలోది ఇద్దామనుకుంటి. అది పోతే నువ్వు రెండు దినాలు బాధపడతావు. ఇది పోతే సచ్చేదంకా బాధపడతావు. సామికిచ్చేది అట్లా ఉండాల."

"ఒసేయ్..."

"ఆగు. ఇంగొకటి. దీని నంబరు నీకు కంఠతా వచ్చు. మంచె పక్క సూసి సదివినోనివి నువ్వు. మొక్కుకునేటప్పుడు నాకది తోచలేదు. అప్పట్నుంచి అదే బెంగ నాకు. సామి ముందర బొంకొద్దు. కనపడకుంటే కనపడలేదని సెప్పు. నేనేమీ అనను. ఇంగో ఆపరేషన్ అయితే సేపిద్దాం, గాజులు అమ్మైనా సేపిద్దాం. ఇప్పు. సదువు."

నోటు విప్పాను. నాలుగు, ఏడు, ఒకటి నాలిక చివరన ఉన్నాయి. ఆ మాటలు అనేస్తే చాలు. ఆమె సంతోషంగా నోటు హుండీలో వేస్తుంది, నా రూపాయి నా బనియనులో ఉంటుంది, ఎవరికీ తెలియదు. నా ఎదురుగా ఆమె రెండు చేతులూ జోడించుకుని నిలబడి ఉంది. నాకు కాదు ఆ దండం, గర్భగుడి వైపు. కానీ చూపు మాత్రం నా నోటి మీదే ఉంది. ఈ మనిషిని ఇంకోసారి మోసం చెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

నోటు మీద ఉన్నదే చదివాను. "మూడు. సున్నా. ఎనిమిది. ఐదు. ఐదు. రెండు."

ఆమె చేతులు దిగిపోయాయి. మూడు నెలలు నా అప్పజెప్పుడు విన్న మనిషి, నాకెంత కంఠతా వచ్చో ఆమెకూ అంతే వచ్చు. నోటు లాక్కుంది. బట్టలో తప్పు వెతికినట్టు బొటనవేలితో పైనుంచి కిందికి రాసింది. చార లేదు.

"ఇది ఆ నోటు కాదు."

"కాదు."

"మార్సినావు."

"మార్చినాను."

"వేండ్లు ఎర్రగైన దినమే అనుకుంటి." నేను తిట్లకు సిద్ధమై తల వంచుకున్నాను. తిట్లు రాలేదు. నోటు మళ్లీ నా ముఖం ముందు పెట్టింది. "మళ్ల సదువు."

చదివాను.

"ఈ నంబరు నీకు ముందే తెల్సునా?"

"తెలీదు. భాయ్ కవర్లో పెట్టి ఇచ్చినాడు. నేను చూడనే లేదు."

"సామి మీద ఒట్టు?"

"ఒట్టు."

ఆమె స్తంభానికి ఆనుకుని అట్లాగే కింద కూర్చుండిపోయింది. నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. దారిన పోయేవాళ్లు నన్ను చూశారు, ఏం చేశాడో ఈ ముసలోడు అన్నట్టు. "కనిపిస్తాంది," అంది ఆమె, నాతో కాదు. "నిజంగానే కనిపిస్తాంది ఈయప్పకు." కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "దొంగతనం సేసి కూడా ఒక మంచిపని సేసినావు పో. సదివిన నోటు ఇస్తానని గదా మొక్కు, సదివింది ఇదే గదా. ఇదే ఏస్తా. నీది నువ్వు పెట్టుకో."

నేను వెతికిన సందు అదే. శాస్త్రం చదివినవాడికి దొరకని సందు, మొక్కుకున్న మనిషే తెరిచి ఇచ్చింది. ఆమె పది రూపాయలూ ఆ రూపాయీ హుండీలో వేసి, దండం పెట్టుకుని, "పా, బస్సుకు పోదాం," అంది.

నాలుగడుగులు వేశాను. ఐదోది పడలేదు. ఇది పోతే చచ్చేదాకా బాధపడతానని తెలుసుకున్న మనిషి, ఆ ఒక్క తెలివితో నా కన్ను కొనుక్కొచ్చిన మనిషి, ముందు నడిచిపోతోంది. బనియనులో చెయ్యి పెట్టి తెల్లచార రూపాయి తీశాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"సదవకుండా ఎయ్యగూడదు," అంది మెల్లగా.

నోటు కంటి ముందు పెట్టుకున్నాను. ఏమీ కనపడలేదు. కళ్లనిండా నీళ్లు. రెప్ప ఆర్పితే ఇంకా ఊరుతున్నాయి. ముక్కు ఎగబీల్చి, గొంతు సవరించుకుని, గట్టిగా చదివాను. "నాలుగు, ఏడు, ఒకటి. చార. రెండు, తొమ్మిది, ఆరు."

"నోటు తిప్పయ్యా," అంది. "అది నూనె మంచె పక్క."

నేను తిప్పలేదు. అట్లాగే మడిచి హుండీలో వేశాను.